ఇంటింటికీ ఆరోగ్యం చెప్పిన నైటింగేల్

ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు వినని వారు మనలో ఉండరు. చేతిలో దీపం పట్టుకొని, గాయపడిన సైనికుల మంచాల నడుమ రాత్రివేళ తిరుగుతున్న స్త్రీ బొమ్మను మనమంతా చిన్ననాటి వాచకాలలో చూసినవారమే. అయితే ఆ దీపం వెలుగు చాటున ఆమె చేసిన మరొక పని మరుగున పడిపోయింది. యుద్ధరంగంలో ఆమె గడిపినది రెండేళ్లకు తక్కువ. ఆ పిమ్మట బ్రతికిన యాభై నాలుగేళ్లలో ఆమె చేసిన పని ముఖ్యంగా వ్రాయడమే. మంత్రులకు నివేదికలు వ్రాసింది, సేనానులకు లెక్కలు వ్రాసింది. వాటితోపాటు చంటిబిడ్డను ఎత్తుకొన్న తల్లికి, జబ్బుమనిషి పక్కన కూర్చున్న కూతురికి, చెల్లెల్ని చంకనేసుకొని తిరిగే పదేళ్ల పిల్లకు అర్థమయ్యే మాటలలో ఆరోగ్యం గురించి వ్రాసింది. ఈ ఉగాది సంచికలో ఆమె చరిత్ర చెప్పుకొందామని మేము తలచడానికి ఈ రెండవ పనే కారణం.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో పుట్టింది. తలిదండ్రులు పెళ్లయిన పిమ్మట ఐరోపా దేశాలు తిరుగుతూ ఉండగా పుట్టిన పిల్ల గనుక ఆ ఊరి పేరే పెట్టారు. అంతకు ముందేడు నేపుల్సులో పుట్టిన అక్కకు ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థెనోపీ అని పెట్టారు. మనవారిలో ఊరి పేరు ఇంటిపేరవుతుంది, వారింట్లో ఒంటిపేరే అయింది. కుటుంబం గొప్ప భాగ్యవంతులు. డెర్బీషైరులో ఒక భవంతి, హాంప్‌షైరులో ఒక భవంతి. తండ్రి ఆడపిల్లలిద్దరికీ తానే గురువై గ్రీకు, లాటిను, చరిత్ర, తత్త్వశాస్త్రం నేర్పాడు. ఫ్లారెన్సుకు వీటికంటె గణితం మీద మోజు. ఈ మోజు మున్ముందు ఎంత పనికి వచ్చిందో చూస్తాము.

పదహారేళ్ల వయసులో, 1837 ఫిబ్రవరిలో, భగవంతుడు తనను ఏదో సేవకు పిలుస్తున్నాడని ఆమెకు తోచింది. ఆ సేవ ఏమిటో తేలడానికి ఏళ్లు పట్టింది. 1845లో సాలిస్‌బరీ ఆస్పత్రికి వెళ్లి రోగులకు పరిచర్య నేర్చుకొంటానని అడిగితే ఇల్లంతా అట్టుడికిపోయింది. అందులో తలిదండ్రుల తప్పు మరీ అంతగా లేదనవలె. ఆనాటి ఇంగ్లండులో ఆస్పత్రి నర్సు అంటే తాగుబోతు, గతిలేనిది అన్న పేరు ఉండేది. గొప్పింటి పిల్ల అక్కడ అడుగు పెట్టడం వంశానికి మచ్చ అనుకొన్నారు. ఏళ్ల తరబడి తనను కోరి వచ్చిన ఒక మంచి వరుణ్ణి కూడా ఆమె 1849లో కాదన్నది. తెల్లవారక ముందే లేచి, ఆస్పత్రుల నివేదికలు తెప్పించుకొని, దొంగచాటుగా చదివేది. తుదకు 1851లో జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌లో మూడు నెలలు పని నేర్చుకోవడానికి అనుమతి దొరికింది. 1853లో లండను హార్లీ వీధిలో జబ్బుపడిన స్త్రీల కోసం నడిచే ఒక చిన్న ఆస్పత్రికి పర్యవేక్షకురాలయింది. అప్పటికామె వయస్సు ముప్పైమూడు.

మరుసటి ఏడే క్రిమియా యుద్ధం. 1854 అక్టోబరు 21న 38 మంది నర్సులతో బయలుదేరి నవంబరు 4న కాన్‌స్టాంటినోపుల్ ఎదుటి ఒడ్డున ఉన్న స్కుటారి చేరింది. అక్కడి కథ అందరూ ఎరిగినదే గనుక దాన్ని మేము పెంచదలచలేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పక తప్పదు. ఆ ఆస్పత్రిలో తుపాకి గుండుకు చచ్చినవారికంటె విరేచనాలకు, విషజ్వరాలకు చచ్చినవారు ఎన్నో రెట్లు ఎక్కువ. భవనం కిందుగా పోయే మురికి కాలువలు పూడుకుపోయి, ఆ కంపు వార్డులలోకి వచ్చేది. ఆమె వేసిన లెక్క ప్రకారం 1855 ఫిబ్రవరిలో ఆస్పత్రికి వచ్చిన నూరుగురిలో 42 మంది చనిపోయారు. మార్చిలో ప్రభుత్వం పంపిన ఆరోగ్య సంఘం వారు వచ్చి కాలువలు తవ్వించి, గోడలకు సున్నం వేయించి, గాలి ఆడేట్టు చేసిన తరువాత వేసవి నాటికి ఆ సంఖ్య నూటికి రెండుకు దిగింది. మనుషులను చంపినదీ, బ్రతికించినదీ కాలువ, గాలి, నీరు అన్న నిజం ఆమె మనస్సులో నాటుకొని పోయింది. అంత మంచి ఆస్పత్రిలోనే ఇట్లా ఉంటే, చీకటి కొట్లలో కాపురం చేసే బీదల బిడ్డల మాటేమిటి?

ఇంటికి తిరిగివచ్చిన పిమ్మట ఆమె ఆరోగ్యం చెడిపోయింది. 1855లో బాలక్లావాలో పట్టుకొన్న జ్వరం ఆమెను పూర్తిగా వదలలేదు. ఈనాటి వైద్యులలో పలువురు అది బ్రూసెల్లా జ్వరమై ఉంటుందని ఊహిస్తున్నారు. 1857 మొదలు చాలా ఏళ్లు ఆమె మంచం మీదనో, సోఫా మీదనో గడిపింది. జనం ఆమెను నర్సుగానే తలచుకొంటారు గాని, బ్రతుకులో ఎక్కువ భాగం ఆమె రోగి. మా దృష్టిలో ఆమె పుస్తకానికి అంత ప్రాణం వచ్చింది ఇందువల్లనే. రోగి మంచం ఎవరైనా కదిలిస్తే ఎట్లా ఉంటుందో పడుకొన్నవారికే తెలుసు.

1859 చివర అచ్చయిన ఆ పుస్తకం పేరు ‘నోట్స్ ఆన్ నర్సింగ్’. నెల రోజులలో పదిహేను వేల ప్రతులు చెల్లిపోయాయి. నర్సులకు పాఠ్యగ్రంథంగా వ్రాసినది కాదని పీఠికలోనే చెప్పింది. ప్రతి ఆడమనిషి ఏదో ఒకనాడు ఒక బిడ్డ ఆరోగ్యమో, ఒక ముసలివారి ఆరోగ్యమో చేతిలోకి తీసుకోవలసి వస్తుంది గనుక, ఆ లెక్కన ఆడవారందరూ నర్సులేనని ఆమె వాదం. మగవారికి ఆ బాధ్యత లేదని దీని భావం కాదని మేము ఈనాడు కలుపుకొని చదువుకొంటున్నాము.

మొదటి పుటలలోనే చంటిబిడ్డల చావుల లెక్క పెట్టింది. ఇంగ్లండులో పుట్టిన ఏడుగురు బిడ్డలలో ఒకరు ఏడాది నిండకుండానే పోతున్నారు. లండనులో ఐదుగురిలో ఇద్దరు ఐదేళ్లు చూడటం లేదు. దీనికి మందు పిల్లల ఆస్పత్రులు కట్టడమని పెద్దలంటూ ఉంటే, కాదు, బిడ్డ చావు ఇంటిలోనే మొదలవుతున్నదని ఆమె చెప్పింది. మంచి గాలి, మంచి నీరు, మురుగు పోయే దారి, పరిశుభ్రత, వెలుతురు ఇంటికి ఉండవలసినవని లెక్కపెట్టింది. వైద్యపు మాట ఒక్కటి లేకుండా, ఇల్లు ఊడ్చే ఇల్లాలికి తెలిసిన వస్తువుల పేర్లతోనే చెప్పింది.

ఆమె సూచనలు కొన్ని వింటే ఎంత సూక్ష్మదృష్టో తెలుస్తుంది. రోగి గుమ్మం బయట నిలబడి గుసగుసలాడవద్దు. ఆ మాటలు వినాలని అతడు పడే ఆయాసం జబ్బుకంటె చెడ్డది. రోగి తల తిప్పి చూడనక్కర లేకుండా ఎదుట కూర్చోవలె. తినని తిండిని అతని పక్కన వదిలి పోకూడదు. దుమ్మును ఈకల కుంచెతో దులిపితే ఒక చోటినుంచి మరొక చోటికి పోతుందే గాని గది బయటికి పోదు, తడిగుడ్డతో తుడవవలె. నర్సు రోజులో చాలాసార్లు చేతులు కడుక్కోవలె. పట్టుగౌను గరగరలు కూడా రోగికి హింసే. ఇక చూడవచ్చినవారు చెప్పే ఉచిత సలహాల మీద ఒక ప్రకరణమే వ్రాసింది. ఒకరు ఈ ఊరి గాలి మార్చమంటారు, ఒకరు ఫలానా మాత్ర వేసుకోమంటారు, ఇంకొకరు జబ్బే లేదంటారు. ఆ ప్రకరణం చదువుతూ ఉంటే మన బంధువర్గాన్ని చూసే వ్రాసిందా అనిపిస్తుంది. రోగికి మంచి సావాసం ఎవరంటే చంటిబిడ్డ అన్నది.

మరొక మాట మన ఉమ్మడి కుటుంబాలకు బాగా పనికివస్తుంది. నీవు ఉన్నప్పుడు జరిగేది, నీవు లేనప్పుడు కూడా జరిగేట్టు ఏర్పాటు చేయకపోతే నీ సేవ అంతా వృథా అన్నది. వేళకు పాలు పట్టవలసిన తల్లి బజారుకు వెళితే, అత్తగారు ఆడపడుచు పట్టిందనుకొంటుంది, ఆడపడుచు అత్తగారు పట్టిందనుకొంటుంది. ఇంటినిండా మనుషులున్నా బిడ్డ ఆకలితో ఏడుస్తుంది.

అయితే ఈ పుస్తకం ధర, భాష మధ్యతరగతి ఇళ్లకు సరిపోయాయి గాని, కూలి జనానికి అందలేదు. నైటింగేల్‌కు ఇది సమ్మతం కాలేదు. 1861లో దాన్ని మళ్లీ వ్రాసి, కష్టమైన చర్చలు తీసివేసి, పాఠం తేలిక చేసి, కొద్ది పెన్నీల ధరకు కార్మిక కుటుంబాల కోసం ప్రకటించింది. తన పుస్తకం గొప్పగా అమ్ముడుపోయిన తరువాత దాన్ని బీదల నిమిత్తం తిరగవ్రాయడానికి కూర్చున్న రచయితలు ఎందరుంటారు? ఆ చిన్న పుస్తకంలో ఒక కొత్త ప్రకరణం చేర్చింది. ‘బిడ్డను కనిపెట్టుకొని ఉండటం’ అని దాని అర్థం. ఆ ప్రకరణం వ్రాసింది ఎవరికోసమో తెలుసా? ఆడపిల్లల కోసం. తల్లి మిల్లుకో, చాకిరీకో పోతే తమ్ముణ్ణో చెల్లెల్నో ఎత్తుకొని తిరిగే అక్కల కోసం. బిడ్డ నిజంగా ఎవరి చేతిలో ఉన్నదో చూసి, వారితోనే నేరుగా మాట్లాడింది.

ఆ అక్కలకు ఆమె చెప్పినది ఇంత. బిడ్డ మనకంటె సున్నితం, గాలి లేకపోతే మనకంటె ముందు దానికే చెరుపు. అందరూ పడుకొన్న గదిలో కిటికీ బిగించవద్దు, దుప్పటి బిడ్డ ముఖం మీద కప్పవద్దు. ఒంటికి వెచ్చదనం ఉండవలె, అదీ మితంగా. ఒళ్లు, బట్ట, పక్క, గది శుభ్రంగా ఉండవలె. తిండి వేళకు పెట్టవలె, ఒక్కసారిగా ఎక్కువ పెట్టకూడదు, తొందరగా మింగించకూడదు. బిడ్డను ఉలికిపడేట్టు చేయకూడదు, కుదపకూడదు. తాను చూసిన బిడ్డలలో అందరికంటె ఆరోగ్యంగా, ఉల్లాసంగా ఉన్నది ఒక చాకలిస్త్రీ బిడ్డ అని అక్కడ ఒక కథ చెప్పింది. తల్లి రోజంతా బట్టలుతికేది. బిడ్డ పక్కగదిలో నేలమీద పిల్లికూనతో ఆడుకొనేది. తల్లి దాన్ని శుభ్రంగా ఉంచి, తప్పకుండా వేళకు తిండి పెట్టేది. ఎవరైనా లోపలికి వస్తే బిడ్డ ఏడ్చేది కాదు, కేరింత కొట్టి తల్లికి తెలియజేసేది. ధనంతో పని లేదని ఆ చిన్న కథతో తల్లులకు ఎంత ధైర్యం చెప్పింది!

ఆనాడు ఇంగ్లండులో ఏడ్చే పిల్లలకు నల్లమందు కలిసిన పానకాలు పట్టి పనికి పోయే ఆచారం విరివిగా ఉండేది. బొంబాయి మిల్లు పేటలలోనూ ఒకప్పుడు పసిపిల్లలకు ఆ గోలీలు పెట్టేవారు. ఆ పేటలలో మన తెలుగు నేతవారు కాపురాలున్నారు. అక్కడి తల్లులను నిందించి లాభం లేదు. వారికి వేరే దారి తేలికమాటలలో చెప్పినవారు లేరు.

ఆమె చెప్పినదంతా ఈనాడు చెల్లదు. పాస్టరు, కాక్ పండితుల సూక్ష్మక్రిమి సిద్ధాంతం నిలబడక ముందు వ్రాసిన పుస్తకం అది. మశూచి వంటివి ఒకరినుంచి ఒకరికి అంటుకొంటాయన్న మాటను ఆమె అప్పుడు ఒప్పుకోలేదు, చెడుగాలే కారణమనుకొన్నది. ఈ విషయంలో ఆమెది పొరపాటే. టీకాల మహిమ, ఆరు నెలలదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కరలేదన్న సంగతి, విరేచనాలు పట్టుకొన్న బిడ్డకు ఓఆర్ఎస్ నీళ్లు పట్టడం మనం తరువాతి వైద్యుల దగ్గర నేర్చుకోవలసినవి. కాని ముఖం మీద దుప్పటి వద్దన్న మాట, చేతులు కడుక్కోమన్న మాట, గాలి రానిమ్మన్న మాట నిలిచే ఉన్నాయి. బాలింత గది తలుపులు, కిటికీలు బిగించి, లోపల కుంపటి పెట్టే అలవాటు మన ఇళ్లలో కొన్నిచోట్ల ఇంకా పోలేదు. ఆ బొగ్గుల నుంచి వచ్చే వాసన లేని విషవాయువు తల్లినీ బిడ్డనూ నిద్రలోనే తీసుకుపోగలదు. నైటింగేల్ పుస్తకం చేతికిచ్చి పెద్దవారిని నొప్పించనక్కర లేదు, కుంపటి బయట పెట్టి నీళ్లు కాచుకోవచ్చునని నెమ్మదిగా చెబితే చాలు.

కాన్పుల విషయంలోనూ ఆమె ఊరుకోలేదు. ఆమె నిధితో లండనులోని కింగ్స్ కాలేజీ ఆస్పత్రిలో నడిచిన ప్రసవ వార్డులో బాలింత జ్వరం ప్రబలి తల్లులు చనిపోతూ ఉంటే, 1867లో ఆ వార్డు మూసివేశారు. ఆమె నాలుగేళ్లు లెక్కలు పోగుచేసి, ఆనాటి ప్రసూతి ఆస్పత్రులలోకంటె ఇంట్లో కన్న తల్లులే ఎక్కువగా బ్రతుకుతున్నారని 1871లో ఒక పుస్తకం ప్రకటించింది. దాన్ని మంత్రసాని అయిన సోక్రటీసు తల్లికి అంకితమిచ్చింది. ఆస్పత్రులు మారాయి గనుక ఈ మాట పట్టుకొని ఈనాడు ఎవరూ ఇంట్లో కాన్పుకు సిద్ధపడకూడదు. తన డబ్బుతో నడిచిన వార్డు తప్పును తానే లెక్కకట్టి లోకానికి చెప్పిన నిజాయితీ మాత్రం మెచ్చదగినది.

ఇక మన దేశం సంగతి. ఆమె భారతదేశంలో కాలు పెట్టలేదు. కాని నలభై ఏళ్లు ఈ దేశం గురించి చదివింది, వ్రాసింది. 1859లో ఇక్కడి తెల్ల సైనికుల ఆరోగ్యంపై రాజసంఘం ఏర్పడినప్పుడు ప్రతి సైనికస్థావరానికీ ప్రశ్నలు పంపి, వచ్చిన జవాబులను లండనులో పడకమీద కూర్చొని శోధించింది. ఏటా వెయ్యిమందిలో 69 మంది చనిపోతున్నారని 1863 నివేదిక చెప్పింది. మొదట సైనికుల కోసం మొదలైన చూపు, క్రమంగా రైతు మీదికి మళ్లింది. క్రిమియా రోజులలో కాన్‌స్టాంటినోపుల్ రాయబారి కచేరిలో ఉండి ఆమెను ఎరిగిన నేపియర్ ప్రభువు 1866లో మద్రాసు గవర్నరయి వచ్చాడు. చెన్నపట్టణంలో ఉన్న మనవారు కూవం మీద దాటే నేపియర్ వంతెన ఆయన పేరిటిదే. వారిద్దరి నడుమ ఉత్తరాలు నడిచాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ దొరతో కూడా ఆమెకు ఉత్తర ప్రత్యుత్తరాలుండేవి. 1876-78లో దక్షిణదేశాన్ని ఊడ్చిపెట్టిన కరువు చూసి, తిండి లేని తల్లికి ఆరోగ్యసూత్రాలు చెప్పి ఏమి లాభమని, కాలువలు తవ్వండి, గోదావరి డెల్టాను చూడండి అని కాటన్ దొర పక్షాన 1878లో పత్రికకెక్కింది. యానాంలో గౌతమి నీళ్లు తాగుతున్న మన సోదరులు ఈ సంగతి తెలుసుకొంటే సంతోషిస్తారు.

ఆమె డెబ్బై దాటిన తరువాత చేసిన ప్రయత్నం మన విషయానికి అన్నిటికంటె దగ్గర. 1892లో బకింగ్‌హాంషైరు పల్లెలలో, అక్క మెట్టినింటివారి సాయంతో, కొందరు స్త్రీలకు ఒక వైద్యాధికారి చేత శిక్షణ ఇప్పించి గుడిసె గుడిసెకూ ఆరోగ్యబోధకులుగా పంపించింది. ఉపన్యాసం ఇచ్చి పోతే చాలదు, ఆ తరువాత ఇంటికి వెళ్లి తల్లితో స్నేహంగా మాట్లాడవలె. ఆమె ఇల్లు తప్పుపట్టకూడదు. ఆమె మాటలలోనే చెప్పవలె. ఇదే పద్ధతి భారతదేశపు గ్రామాలకూ కావాలని 1893, 94లలో వ్యాసాలు వ్రాసింది. ఊరి భాష తెలిసినవాడు వెళ్లి, రాత్రివేళ మాయాదీపంతో తెరమీద మురికినీటిలోని జీవులను పెద్దవిగా చూపి చెప్పాలన్నది. మునుపు క్రిములను నమ్మని మనిషి ముసలితనంలో వాటి బొమ్మలు చూపమనడం గమనించదగినది.

ఊరి భాష అన్న మాట దగ్గర మేము కొంచెం ఆగుతున్నాము. మనం కన్నడ దేశంలో ఉన్నాము, తమిళదేశంలో ఉన్నాము, ఉత్కళంలో, మహారాష్ట్రంలో ఉన్నాము. ఆస్పత్రి గోడమీద వ్రాత ఆ ఊరి భాషలో ఉంటుంది, మందు చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, బిడ్డను ఒడిలో పెట్టుకొన్న అమ్మమ్మకు తెలుగు ఒక్కటే వచ్చు. బడికి పోయే మనుమరాలు చీటీ చదవగలదు గాని తెలుగులో చెప్పలేదు. చెంచాడు అన్నారో, చెంచాలో సగమన్నారో తేలకుండానే మందు లోపలికి పోతుంది. అచ్చుతెలుగు కరపత్రం దొరికినా అందులో అతిసారం, నిర్జలీకరణం వంటి మాటలు. నీళ్ల విరేచనాలు, ఒంట్లో నీరు పోవడం అంటే ఆ అమ్మమ్మకు తెలియదా? మన సంఘంలో వైద్యులున్నారు, నర్సులున్నారు, మందుల దుకాణాల వారున్నారు. వారు పూనుకొంటే చంటిబిడ్డ జ్వరం గురించి, విరేచనాల గురించి, టీకాల వేళల గురించి నాలుగు పుటలు మన ఇళ్లలోని తెలుగులో వ్రాయడం కష్టమేమీ కాదు. వ్రాసినది అచ్చువేసే ముందు ఒక అమ్మమ్మకు, ఒక పదేళ్ల పిల్లకు చదివి వినిపించవలె. వచ్చే ఏటి సంచికలో ఆ నాలుగు పుటలకు చోటు కేటాయించడానికి సంపాదకవర్గం సిద్ధంగా ఉన్నది.

1907లో ఇంగ్లండు రాజు ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదమిచ్చాడు. అది పొందిన మొదటి స్త్రీ ఆమె. అప్పటికి చూపు పోయింది, జ్ఞాపకం చెదిరింది. 1910 ఆగస్టు 13న లండనులో తన ఇంట్లో నిద్రలోనే కన్నుమూసింది. వయస్సు తొంభై. రాజులను పూడ్చే వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేస్తామని ప్రభుత్వం అడిగితే కుటుంబంవారు వద్దన్నారు. హాంప్‌షైరులో ఈస్ట్ వెల్లో పల్లె చర్చి ఆవరణలో తలిదండ్రుల పక్కన పూడ్చారు. ఆమె కోరినట్టే రాతి మీద పేరు చెక్కలేదు. ఎఫ్. ఎన్. అన్న రెండక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ మాత్రం ఉన్నాయి.